కడుగు నీళ్ల చామంతులు

జములమ్మకు నలభై ఏడేళ్లు. బియ్యం కడిగిన నీళ్లు ఒక్క చుక్క కూడా పారబోయదు.

పొద్దున ఎసట్లో బియ్యం పడగానే ఆ కడుగు గిన్నెను చంకన పెట్టుకుని దొడ్లోకి పోతుంది. కట్టుకొయ్య దగ్గర బర్రె గొలుసు లాక్కుంటూ అరుస్తుంది. "నీకు తర్వాత" అని దానికి జవాబు చెప్పి, గోడవారనున్న పూలమడిలో మొక్కమొక్కకూ దోసిలితో పోస్తుంది. కోడేరులో ఆ పని చేసే ఆడవాళ్లు పదిమంది దాకా ఉంటారు. బోరు నీళ్లతో, మందు సంచులతో పెరిగిన పూలు పొద్దు దిక్కు చూస్తాయి, లేకపోతే ఎటూ చూడవు. కడుగు నీళ్లు తాగి పెరిగిన పూలు మాత్రం దగ్గరలో ఎవరికి అందరికంటే ఎక్కువ ఆకలిగా ఉంటే వాళ్ల దిక్కు తిరుగుతాయి.

బడి నుంచి వచ్చిన పిల్లవాడు "తిన్ననే అమ్మా" అంటే తల్లి వాడి మొహం చూడదు, బంతిచెట్టును చూస్తుంది. ఒకసారి బడిలో మధ్యాహ్నం అన్నం ఎట్లా పెడుతున్నారో చూసిపోదామని వచ్చిన అధికారి మెడలో ఎవరో పొరపాటున ఇంటి పూలదండ వేశారు. దండలోని పూలన్నీ పిల్లల దిక్కు తిరిగేసరికి దారం బిగుసుకుని ఆయన మెడ ఒరుసుకుపోయింది. మరుసటి ఏటి నుంచి దండలు వనపర్తి బజారు నుంచే తెప్పిస్తున్నారు.

పక్కింటి కుల్సుమ్‌బీకి రంజాన్ వచ్చిందంటే ఇదొక తంటా. నెలంతా జములమ్మ దొడ్లో బంతిపూలు గోడ మీదుగా ఆమె వంటింటి కిటికీలోకి చూస్తాయి.

"నీ పూలకు సిగ్గు లేదే జములూ. ఉపాసమున్న మనిషిని గట్ల గుడ్లప్పగించి చూస్తరా ఎవరన్న?"

"కిటికి మూస్కోరాదు అక్కా."

"మూసిన. తలుపుకు తలలు ఒత్తుకుంటున్నయి."

మామూలు రోజుల్లో ఆ పూలు ఎటు తిరుగుతాయో చెప్పడానికి పెద్ద తెలివి అక్కరలేదు. పగలు రెండింటి దాకా ఏ ఇంట్లో చూసినా వంటింటి దిక్కే. మొగుడు తిని, పిల్లలు తిని, వచ్చినవాళ్లు తిని, అడుగంటిన కూరగిన్నె ఇల్లాలి ముందుకు వచ్చేదాకా అవి అట్లాగే ఉంటాయి. జములమ్మ మొగుడు కురుమూర్తి ఇరవై ఆరేళ్లుగా ఆ దొడ్లోనే చేతులు కడుక్కుంటున్నాడు. పూలు ఎటు చూస్తున్నాయో ఒక్కనాడూ తలెత్తి చూడలేదు.

రెండు వేల ఆరు జ్యేష్ఠంలో వాళ్ల ఒక్క కూతురు శ్రీవాణికి సంబంధం కుదిరింది. పిల్లవాడు రాఘవేందర్. అమరచింత వాళ్లు. సర్కారు బడిలో టీచరు. తండ్రి లేడు. అన్న తిరుపతికి ఎరువుల దుకాణం ఉంది. ఇల్లూ దుకాణమూ తల్లి రాధమ్మ చెప్పుచేతల్లో నడుస్తాయి. మాటలనాడు ఆమె ఇచ్చిపుచ్చుకోవడాల ఊసే ఎత్తనివ్వలేదు.

"మాకేం వద్దన్నా. పెండ్లి మాత్రం వనపర్తి ఫంక్షన్ హాల్ల చెయ్యుండ్రి. అన్నాల టేబుళ్ల మీద పూలు పెట్టియ్యుండ్రి, హైదరాబాద్ పెండ్లిండ్ల లెక్క. గంతే."

కురుమూర్తికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమీ అడగనివాళ్లను చూస్తే మన మగవాళ్లకు దేవుడిని చూసినట్టే ఉంటుంది. ఎందుకు అడగలేదని మాత్రం ఎవరూ అడగరు.

జములమ్మ ఆలోచన వేరే దారిన పోయింది. టేబుళ్లు ముప్పై రెండు. పెళ్లి మార్గశిరంలో. ఇప్పుడు పిలకలు నాటితే పెళ్లినాటికి చామంతి విరగబూస్తుంది. కూతురి పెళ్లిలో కొన్న పూలు పెట్టుకునే ఖర్మ తనకేమిటి?

ఆషాఢం తుంపరలో తల్లీకూతుళ్లు దొడ్లో సగం దున్నించి పిలకలు నాటారు. పసుపు, తెలుపు, మిరపపండు రంగు. మొక్కలు జానెడెత్తు కాగానే జములమ్మ ఒక్కొక్కదాని తల గిల్లుకుంటూ పోయింది.

"మంచిగ ఎదుగుతున్నదాన్ని ఎందుకు తుంచుతవే అమ్మా?" అంది శ్రీవాణి.

"తుంచితేనే పక్కకు కొమ్మలేస్తది."

ఈ సూత్రాన్ని ఆడపిల్లల మీద వాడేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. మొక్కల మీద తప్ప అది పనిచెయ్యదని వాళ్లకింకా తెలియలేదు.

శ్రావణమంతా కలుపు తీశారు. భాద్రపదంలో పేనుబంక పడితే యాపగింజల కషాయం కొట్టారు. టేబుల్ మీద గ్లాసులో నిలబెట్టే పూవుకు కాడ పొడుగ్గా, వంకర లేకుండా ఉండాలి. అందుకని మొక్కమొక్కకూ కందికట్టె పాతి దారంతో కట్టారు. కాడకు ఒక్క మొగ్గ ఉంచి పక్క మొగ్గలన్నీ తీసేశారు. అప్పుడే రాఘవేందర్ ఫోన్లు కూడా మొదలయ్యాయి. శ్రీవాణి సెల్లు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పని చేస్తూనే మాట్లాడేది.

"ఏం చేస్తున్నవు?"

"పురుగులు ఏరుతున్న."

"నేను ఫోన్ చేసినప్పుడన్న జర మంచి పని చెయ్యరాదూ."

"గిది మన పెండ్లి టేబుల్ మీది పూవే. పురుగు ఉండనియ్యమంటవా?"

అతను నవ్వేవాడు. నవ్వు బాగుండేది. ఫోను పెట్టేశాక ఆమె మొహంలో ఆ నవ్వు ఇంకాసేపు ఉండేది. జములమ్మ అది చూసి మరో బిందె కడుగు నీళ్లు మోసేది.

కార్తీకంలో కొత్త చీర పెట్టడానికి రాధమ్మ కోడేరు వచ్చింది. అప్పటికి మొగ్గలు విడుతున్నాయి. జములమ్మ గొప్పగా ఆమెను దొడ్లోకి పిలిచింది.

"చూడు వదినె. టేబుళ్ల మీదికి. అన్నీ మా చేతుల పూలే."

రాధమ్మ గడప దాటలేదు.

"ఇంటి పూలా?"

"అవు. కడుగు నీళ్లు పోసి పెంచినం."

"వద్దొద్దు. మా దిక్కుకెళ్లి పెద్దపెద్దోళ్లు వస్తరు. తినెటోని ముంగట పూలు మెడలు తిప్పుకుంట ఉంటె ఎంత నామర్దా? హైదరాబాద్‌కెళ్లి మేమే తెప్పిస్తం. మీరు పరేషాన్ గాకుండ్రి."

"మీరెట్లంటె గట్ల చెల్లె" అన్నాడు కురుమూర్తి వెనక నుంచి.

"పెద్ద కోడలిని తోల్కరాకపోతివి వదినె?" అంది జములమ్మ, ఏదో ఒకటి అనాలని.

"ఇంటికాడ ఎవరన్న ఉండాలె గద" అంది రాధమ్మ. అంటూనే ఒకడుగు వెనక్కి వేసింది.

బండి వెళ్లిపోయాక కుల్సుమ్‌బీ గోడ మీద మోచేతులు ఆనించింది.

"ఆమె పూలకు భయపడ్డది జములూ."

"పెద్దింటి మనుషులక్కా. సోకు."

"సోకున్నోళ్లు ముక్కు విరుస్తరు. ఆమె అడుగు వెనకకేసింది."

జములమ్మ విన్నది. విని పక్కన పెట్టింది. పిల్లకు ఇరవై మూడు నడుస్తోంది. పత్రికలు పంచేశారు. ఆ నవ్వు కూడా ఉంది.

అయితే అయిదు నెలలు పెంచిన పూలను చెట్టు మీద ఎండనిచ్చే గుణం ఆమెది కాదు. పెళ్లికి ముందునాడు పొద్దు వాలేవేళ కాడలన్నీ ఏటవాలుగా కోసి, కింది ఆకులు దూసేసి, గొంతు దాకా నీళ్లున్న బకెట్లలో నిలబెట్టింది. కుల్సుమ్‌బీ తన ఇంటి షర్బతు గ్లాసులు ముప్పై రెండు పాతచీరల్లో చుట్టి ఇచ్చింది. తెల్లవారి ట్రాక్టరు ట్రాలీలో బకెట్లు ఎక్కుతుంటే కురుమూర్తి అడ్డం వచ్చాడు.

"ఆమె వద్దన్నది గదనే!"

"మంటపానికి ఆమె పూలు. టేబుళ్లకు నా పూలు. అన్నం పెట్టేది మనమా, వాళ్లా?"

 అతను ఎప్పుడూ చేసే పనే చేశాడు, డ్రైవరు మీద అరిచాడు.

వనపర్తి ఫంక్షన్ హాలులో ఎనిమిదిన్నరకు టేబుళ్లు సిద్ధమయ్యాయి. తెల్ల కాగితం పరిచిన ఒక్కో టేబుల్ మీద ఒక్కో షర్బతు గ్లాసు, గ్లాసుకు అయిదు పూలు. మంటపం మీద హైదరాబాద్ పూలు, ఐసు పెట్టెల్లోంచి వచ్చినవి, నున్నగా మెరుస్తూ ఎవరినీ పట్టించుకోకుండా ఉన్నాయి. టేబుళ్ల మీది చామంతులన్నీ ఎడమవైపున్న పెళ్లికూతురి గది దిక్కు తిరిగాయి. తిరగాల్సిందే. మూర్తం అయ్యేదాకా పెళ్లికూతురు ఉపవాసం. శ్రీవాణి ముందురోజు పొద్దుటి నుంచి మంచినీళ్ల మీద ఉంది.

"పూలకు గూడ తెలిసిపోయింది పిల్లకు ఆకలైతుందని" అన్నాడు వడ్డించేవాళ్లలో ఒకడు. "మూర్తం జల్ది కానియ్యుండ్రి."

అందరూ నవ్వారు. పెళ్లిలో ఇంటి పూలు పెట్టినవాళ్లందరికీ ఈ సరదా తెలుసు. మూర్తం పదకొండుంబావుకు.

తొమ్మిదింటికి మగపెళ్లివారి బస్సు వచ్చింది. ముందు రాధమ్మ దిగింది, నెమలికంఠం రంగు పట్టుచీరలో. ఆమె వెనకాల తలవంచుకుని పెద్దకోడలు సౌందర్య. హాలు గుమ్మంలో అడుగు పెట్టగానే రాధమ్మ కళ్లు టేబుళ్ల మీద పడ్డాయి. ఆగింది. వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి కోడలి మణికట్టు పట్టుకుంది. గోడవారగా నడిపించుకుంటూ కుడివైపున్న తమ గదిలోకి తీసుకుపోయింది. రెండు నిమిషాల్లో ఒక్కతే బయటికి వచ్చి తలుపు ముందు కుర్చీ వేయించుకుంది.

"దానికి తలనొప్పంట వదినె. జర పండుకోనీ" అంది జములమ్మతో.

ఎవరూ అడగకుండానే చెప్పిన మాట అది. జములమ్మ మెల్లగా టేబుళ్ల వైపు చూసింది.

ఫ్యాన్లు తిరగడం లేదు. కిటికీలు వేసి ఉన్నాయి. గుమ్మం పక్క టేబుల్ మీది అయిదు పూలు ఎడమ నుంచి కుడికి తిరిగాయి. తర్వాత దాని వెనకది. తర్వాత వరసంతా. పూరీలు తింటున్న మనుషుల మధ్య నుంచి, చట్నీ గిన్నెల మధ్య నుంచి, ముప్పై రెండు గ్లాసుల్లోని పూలూ పెళ్లికూతురిని వదిలేసి, మూసి ఉన్న కుడివైపు తలుపును చూడటం మొదలుపెట్టాయి. ఊరికే చూడటం కాదు. కాడలు గ్లాసు అంచు మీద ఒరిగి ఆ దిక్కుకు వంగాయి.

"ఏమమ్మా, పిల్లను అటు రూములకు మార్చిండ్రా?" అన్నాడు నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, నోట్లో పూరీతో.

"ఆ. మార్చినం" అంది జములమ్మ.

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. ఒకసారి వచ్చాక చేతులు కూడా దాని వెంట నడిచాయి. చెంబుతో నీళ్లు తీసుకుని, పూలకు నీళ్లు మారుస్తున్న దానిలాగా, ఒక్కొక్క గ్లాసునూ పట్టుకుని ఎడమకు తిప్పడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఆరో గ్లాసు తిప్పేసరికి మొదటి గ్లాసులో పూలు మళ్లీ కుడికి వచ్చేశాయి. వెనక్కి పోయి తిప్పింది. ఆకలిగొన్న మనిషి ఎవరో, తలుపు వెనక ఏముందో ఆమెకు తెలియకపోలేదు. తెలుసు కాబట్టే తిప్పుతోంది. మున్నూరు మంది వచ్చారు. టీచరు. పైసా అడగనివాళ్లు. ఇంకో గంటన్నర గడిస్తే పుస్తె పడిపోతుంది. పడ్డాక పూలు ఎటు చూస్తే ఎవరికి పట్టింది? గ్లాసు గట్టిగా తిప్పడంతో మిరపపండు రంగు పూవొకటి మెడ విరిగి వేలాడింది. విరిగి కూడా ఆ తలుపునే చూసింది.

దూరంగా కుర్చీలో నుంచి రాధమ్మ ఇదంతా చూస్తోంది. ఇద్దరి కళ్లూ కలిశాయి. రాధమ్మ సన్నగా తలూపింది, తెలివైన వియ్యపురాలు దొరికిందన్నట్టు.

ఆ తలూపుడు జములమ్మకు చెంపదెబ్బలా తగిలింది. అయినా చేతులు ఆగలేదు.

అదే వేళకు ఎడమవైపు గదిలో కుల్సుమ్‌బీ పెళ్లికూతురి జడలో పూలు గుచ్చుతోంది. అవీ ఆ మడిలోవే. గుచ్చిన పూవు గుచ్చినట్టు ఉండటం లేదు.

"కదలకే పిల్లా."

"నేను కదుల్తలేను. జడ గుంజుతున్నవు నువ్వు."

"నేనెందుకు గుంజుత?" కుల్సుమ్‌బీ చేతులు తీసేసింది. జడ మొత్తం ఎవరో పట్టి లాగుతున్నట్టు పక్కకు ఒరిగింది. పూలన్నీ గోడకేసి, ఆ గోడకు అవతలున్న హాలుకేసి, ఆ హాలుకు అవతలి దిక్కుకేసి మొహాలు పెట్టాయి.

"నిజం చెప్పు. దొంగతనంగ ఏమన్న తిన్నవా?"

"అల్లా తోడు, నీ తోడు. నిన్న పొద్దటి సంది నీళ్లే తాగిన."

"మరి నీ నెత్తిల పూలు నిన్ను వద్దంటున్నయి బేటీ" అంది కుల్సుమ్‌బీ.

శ్రీవాణి లేచింది. పెళ్లికూతురు గది దాటకూడదని ఎవరో అన్నారు. ఆమె గద్వాల చీర కుచ్చిళ్లు ఎడమచేత్తో పట్టుకుని, జడ లాగే దిక్కుకే నడిచింది. హాల్లోకి వచ్చేసరికి పది దాటి పది నిమిషాలైంది.

"అమ్మా."

జములమ్మ చెయ్యి గ్లాసు మీద ఉంది.

"నీళ్లు మారుస్తున్న బిడ్డా. లోపలికి పో. మూర్తం యాలైతుంది."

"నీళ్లు కాదు, పూలు మారుస్తున్నవు. అది ఎవరి రూము?"

"వాళ్లదే. పెద్దకోడలికి తలనొప్పంట."

"నేను నిన్న పొద్దటి సంది తినలే. గీ పూలు నన్ను ఇడిసిపెట్టినయంటె ఆమె ఎన్ని దినాల సంది తినలేదు?"

"మెల్లగ మాట్లాడు." జములమ్మ హాలంతా ఒకసారి చూసింది. "ఒక్కొక్క ఇంట్ల ఒక్కొక్క తీరు ఉంటది. నీకు నౌకరి ఉన్న మొగడు. నిన్ను గట్ల ఎందుకు చేస్తరు?"

శ్రీవాణి తల్లి చేతి కింది గ్లాసును చూసింది. పూలు తల్లి వేళ్ల సందుల్లోంచి మెడలు చాచి కుడివైపుకే పాకుతున్నాయి.

"రేపు నేను గా ఇంట్ల ఉంటె, కోడేరుల కూసోని నువ్వు ఎన్ని గ్లాసులు తిప్పుతవే అమ్మా?"

జములమ్మ గ్లాసు మీది నుంచి చెయ్యి తీసింది.

చెంబు కింద పెట్టింది. వడ్డించే బల్ల దగ్గరికి పోయి విస్తరి తీసుకుంది. పూరీలు, ఆలుగడ్డ కూర, ఉప్మా, రవ్వకేసరి. రెండు చేతులతో విస్తరి పట్టుకుని కుడివైపు తలుపు దగ్గరికి నడిచింది. తినేవాళ్లు ఒక్కొక్కరే చెయ్యి ఆపారు.

"వదినె, జర జరుగు."

రాధమ్మ లేవలేదు. "తలనొప్పన్న గద."

"తలనొప్పికి పూలు తిరగయి వదినె."

"మా ఇంటి కోడలు. మా ఇంటి సంగతి."

"నా టేబుల్ మీద అన్నం తిననీకె వచ్చిన మనిషి. గీ పూట నా సంగతే."

జములమ్మ మోకాలితో కుర్చీని పక్కకు నెట్టింది. తలుపుకు బయటి నుంచి గడియ పెట్టి ఉంది. చేతుల్లో విస్తరి ఉండటంతో గడియ శ్రీవాణి తీసింది.

లోపల పెట్టెల మధ్య నేల మీద సౌందర్య కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. మంచి పట్టుచీర. మెడ నిండా బంగారం. మోచేతి దాకా జారిపోకుండా గాజులకు లోపలివైపు దారం చుట్టి ఉంది. ఆమె ముందు విస్తరిని చూసింది, తర్వాత జములమ్మ భుజం మీదుగా అత్తను చూసింది.

"అత్తమ్మ చెప్తె తింట" అంది.

"ఎప్పుడు తిన్నవు బిడ్డా?"

"ఇయ్యాల ఏం వారం పెద్దమ్మా?"

"బుధవారం."

సౌందర్య ఆలోచించింది. "శనివారం రొట్టె ఇచ్చింది. నిన్న జర గంజి తాగిన. పెండ్లిల రెండు ముద్దలే తినాలె అన్నది. ఎక్కువ తింటె ఆత్రం కనపడ్తదంట."

"కాయని చెట్టుకు ఎన్ని నీళ్లని పోస్తరు ఎవరన్న?" అంది రాధమ్మ వెనక నుంచి. న్యాయమైన మాటే అంటున్నట్టు, నలుగురికీ వినపడేలాగే అంది. "ఆరేండ్లు పోసిన."

ఆ గుంపులో ఆ మాట తమ ఇళ్లలో అన్నవాళ్లూ ఉన్నారు, పడ్డవాళ్లూ ఉన్నారు.

శ్రీవాణి చీర నలిగిపోతుందని చూసుకోకుండా నేల మీద కూర్చుంది. పూరీ తుంచి సౌందర్య చేతిలో పెట్టింది. "తిను అక్కా. ఎవరూ చెప్పక్కర్లేదు."

సౌందర్య మొదటి ముద్ద చాలాసేపు నమిలింది. రెండోది కూడా. మూడో ముద్ద నుంచి ఆమెకు ఎవరూ కనబడలేదు. పొలమారితే జములమ్మ నడినెత్తి మీద తట్టింది. కుల్సుమ్‌బీ నీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది.

"మెల్లగ బేటీ, మెల్లగ. యాడికి పోదు అన్నం."

బయట హాల్లో గుమ్మం పక్క టేబుల్ మీది పూలు నిక్కిన కాడలను వదులు చేశాయి.

అప్పుడే రాఘవేందర్ వచ్చాడు. నుదుట బాసికం, భుజాన కండువా. "ఏంది గీ లొల్లి? పంతులు పిలుస్తుండు."

శ్రీవాణి లేచి అతనికి ఎదురుగా నిలబడింది. ఫోనులో మాట్లాడినంత మామూలుగా అడిగింది.

"పొద్దున నువ్వు ఎన్ని గంటలకు తింటవు?"

"ఎనిమిదిటికి. ఎందుకు?"

"మీ వదినె?"

అతను నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "తెల్వదు. ఆడోళ్లు లోపల ఎప్పుడో తింటరు గద."

"ఆరేండ్లు ఒక్క ఇంట్ల ఉన్నరు. ఆమె తినంగ ఒక్కసారన్న చూసినవా?"

"నేను బడికి పోత, వస్త. ఇంటి సంగతులు అమ్మ చూస్కుంటది. నాకేం తెల్వదు శ్రీవాణీ, ఒట్టు. నిన్ను మంచిగ చూస్కుంట."

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ సంగతి శ్రీవాణికి అర్థమైంది. భయమేసింది కూడా అందుకే.

"నేను చేస్కోను" అంది.

కురుమూర్తి గుంపును తోసుకుంటూ వచ్చాడు. మొహం నల్లబడింది. "మెదడు గిట్ల చెడ్డదా నీకు? మున్నూరు మంది వచ్చిండ్రు!"

"వచ్చినోళ్లకు అన్నం ఉన్నది. పెడ్త" అంది జములమ్మ.

"వాళ్లు పెండ్లికి వచ్చిండ్రే!"

"సగం మంది అన్నానికే వచ్చిండ్రు. నీకు తెల్వదా?"

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. కురుమూర్తి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలియలేదు. భార్య అతని ముందు నుంచి కదల్లేదు, కళ్లు దించలేదు. ఇరవై ఆరేళ్లలో ఆమె కళ్లు ఏ రంగో అతను మొదటిసారి చూశాడు. చెయ్యి కండువా మీదికి పోయి మొహం తుడుచుకుంది.

పెద్దమనుషులు రాజీ చేద్దామని కుర్చీలు లాక్కుని గుండ్రంగా కూర్చున్నారు. ఒకాయన "ఆడవాళ్ల మాటలు" అని మొదలుపెట్టాడు. ఇంకొకాయన పక్క టేబుల్ మీద ఇంకా కుడివైపు గదికేసే ఉన్న పూలను చూపించాడు. వాటికి ఎదురు సాక్ష్యం చెప్పే మొనగాడు ఆ సభలో లేడు. పదకొండుంబావు అయింది. పంతులు గడియారం చూసుకుని, మంటపం దిగి, ఫలహారం ఎక్కడ పెడుతున్నారని అడిగాడు.

పన్నెండుకు మగపెళ్లివారు బస్సు ఎక్కారు. అందరూ ఎక్కాక సౌందర్య మొగుడు తిరుపతి కుడివైపు గది గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటిదాకా అతని గొంతు ఎవరూ వినలేదు.

"నడువు" అన్నాడు.

"తింటున్న" అంది సౌందర్య, రెండో విస్తరి ముందు నుంచి.

అతను నిలబడ్డాడు. ఆమె తింటూనే ఉంది. బస్సు హారను కొట్టింది. మళ్లీ కొట్టింది. మూడోసారి కొట్టినప్పుడు రాధమ్మ కిటికీలోంచి కొడుకు పేరు పెట్టి కేకేసింది. అతను వెళ్లాడు. ఆమె కేసరి తినడం మొదలుపెట్టింది.

మిగిలినవాళ్లకు జములమ్మ దగ్గరుండి వడ్డన చేయించింది. మొదటి బంతిలో ఆడవాళ్లను కూర్చోబెట్టింది. బంతికి పెళ్లికూతురే పెద్ద. శ్రీవాణి ఏడుస్తూ తిన్నది. ఆ నవ్వు బాగుండేదని ఆమెకింకా గుర్తుంది. పప్పు రెండుసార్లు వేయించుకుంది.

కురుమూర్తి ఆ తర్వాత ఆరు నెలలు భార్యతో మాట్లాడలేదు. ఆమె అది గమనించడానికి కొంతకాలం పట్టింది. సౌందర్య నెల రోజులు కోడేరులో ఉండి, తెలకపల్లిలో అన్న ఇంటికి పోయింది. మరుసటి ఏడు అత్త మీద, మొగుడి మీద కేసు పెట్టింది. జములమ్మ సాక్షిగా బోను ఎక్కింది. వకీలు ఏమీ అడగకముందే, ఆ రోజు గ్లాసులు తిప్పి దాచిపెట్టాలని చూసింది తనేనని చెప్పింది. తర్వాత మిగతాది చెప్పింది.